నీలగిరి పాలమూరు మండలముల విద్యార్థులకు నంతర్జాలసాధనములు

1934 వ సంవత్సరమున సురవరము ప్రతాపరెడ్డిగారు గోలకొండ కవుల సంచికను బ్రకటించిరి. నిజాము రాష్ట్రమునఁ దెలుఁగు కవులు లేరని యొక విద్వాంసుఁడు వ్రాసిన మాటకు నది ప్రత్యుత్తరము. అందు 354 మంది కవుల రచనలు చేరినవి. ఆ కవులు సంచిక వెలువడిన దినమునఁ బుట్టినవారు కారు. వారి పద్యములును నాఁటివఱకు నచ్చటచ్చట నున్నవే. కొఱవడినది వానిని జూపు సాధనము. లభింపనిదెల్ల లేదని తలఁచుట పరిశోధకునకుఁ గలుగు ప్రమాదములలో మొదటిది.

నేఁ డా ప్రమాదము వేఱొక రూపమున వచ్చినది. నల్లగొండయందు 2007 లో స్థాపితమైన మహాత్మాగాంధి విశ్వవిద్యాలయమునఁ గాని, 2008 లో స్థాపితమైన పాలమూరు విశ్వవిద్యాలయమునఁ గాని చదువు విద్యార్థి తన గ్రామనామము నంతర్జాలమున వెదకి, యేమియుఁ గానక, తన యూరికిఁ జరిత్ర లేదని నిశ్చయించుకొనుట గలదు. వెదకిన తీరు సరికాకపోవుటయో, యక్షరముల కూర్పు భిన్నమగుటయో, యా గ్రంథ మింకను నచ్చటఁ జేరకపోవుటయో కారణమై యుండును. ఈ మూఁడింటిలో నేది కారణమో తెలిసికొను నేర్పు ఈ కాలపు పాండిత్యమున నొక భాగము. యంత్రముల యుపయోగమును, శాస్త్రప్రక్రియలను బ్రజలకు సుబోధముగాఁ దెలుపు వ్రాఁతకు సాంకేతికరచన మని పేరు. ఆ రచనను, డిజిటల్ మాధ్యమములను అభ్యసించు విద్యార్థులకును, బాఠశాలలందలి పండితులకును సమానముగా నుపకరించు సాధనములును, వాని గుణదోషములును నిందు వివరింపఁబడుచున్నవి.

పూర్వస్థితి

ఈ రెండు మండలముల పండితులకుఁ బూర్వము గ్రంథదర్శనమే కష్టసాధ్యముగ నుండెను. 1901 వ సంవత్సరమున హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము స్థాపితమైనది. 1922 లో నల్లగొండనుండి నీలగిరి పత్రికయు, 1926 మే 10 వ తేదీన హైదరాబాదునుండి గోలకొండ పత్రికయు వెలువడినవి. లక్ష్మణరాయ పరిశోధకమండలివారు తెలంగాణా శాసనముల మొదటి భాగమును 1935 లోను, రెండవ భాగమును 1960 లోను బ్రకటించిరి. దేవరకొండయందో యచ్చంపేటయందో యున్న పండితుఁడు వీనిలో నొక్క పుటను జూడఁగోరినను బ్రయాణము చేయవలసి యుండెను. లేదా తెలిసినవారి నడిగి ప్రతి వ్రాయించుకొనవలసి యుండెను. ఆ దూర మిపుడు తగ్గినది. సెల్‌ఫోను గలవానికిఁ దన యింటనే వేలకొలఁది పుటలు కనఁబడుచున్నవి. అయినను గనఁబడుటయు, వెదకినపుడు దొరకుటయు, దొరకినది విశ్వసనీయమగుటయు మూఁడు వేర్వేఱు విషయములు.

లిపిసంకేతములు

కంప్యూటరు అక్షరమును అక్షరముగా నెఱుఁగదు. ప్రతియక్షరమునకు నేర్పడిన సంఖ్యనే యెఱుఁగును. 1991 లో మొదటి కూర్పుగా వెలువడిన యూనికోడు ప్రమాణమునఁ దెలుఁగునకు 128 స్థానములు కేటాయింపఁబడినవి. ముద్రాశాలలో సీసపుటక్షరములను గూర్చువాఁడు 'క్ష'ను ఒక్క యచ్చుగాఁ దీసికొనెడివాఁడు. యూనికోడున నది కకారము, పొల్లుగుర్తు, షకారము అను మూఁడు సంకేతముల వరుస. ఆ మూఁడింటిని గలిపి తెఱపై నొక్క రూపముగాఁ జూపుట ఫాంటు చేయు పని.

ఈ ప్రమాణము వ్యాపింపకమున్ను తెలుఁగు కూర్పునకు వాడఁబడిన సాధనములు పెక్కులు తెలుఁగు రూపములను రోమను అక్షరముల స్థానములందు నిలిపినవి. అట్టి పుట కాగితముపై నందముగానే యుండును. కంప్యూటరు దృష్టికి మాత్ర మది యర్థములేని రోమనక్షరముల గుంపు. కావుననే యిరువదవ శతాబ్దము చివరఁ గూర్పఁబడిన పుస్తకములు పెక్కింటిలోని మాటలు వెదకినను దొరకవు. విద్యార్థి చేయఁదగిన పరీక్ష సులభమైనది. ఆ పుటలోని యొక పంక్తిని గ్రహించి వేఱొకచోట నతికింపవలెను. తెలుఁగే వచ్చినచో నది యూనికోడు; రోమనక్షరములు వచ్చినచోఁ బూర్వపు కూర్పు. పూర్వపు కూర్పును యూనికోడుగా మార్చు సాధనములు నంతర్జాలముననే కలవు. మార్చిన పిదప మూలముతో సరిచూచుట తప్పనిసరి.

పరిశోధకులకు ముఖ్యమైన విషయ మింకొకటి గలదు. ప్రాఁత యక్షరము లన్నియు మొదటనే ప్రమాణమునఁ జేరలేదు. దంత్యములైన ౘ, ౙ లు 2008 లోను, బ్రాచీనశాసనములందుఁ గనఁబడు ఴ 2014 లోను, ౚ 2015 లోను, నకారపొల్లు ౝ 2021 లోను స్థానము నొందినవి. అంతకుమున్ను శాసనపాఠమును గంప్యూటరున కెక్కించినవారు ఴ కు మాఱుగా వేఱొక యక్షరమును వ్రాయవలసివచ్చెను. కావున ననాఁటి పాఠమున నీ యక్షరము కానరానిచో శాసనమునందే లేదని నిర్ణయింపరాదు, ఱాతియచ్చును జూడవలెను. ఈ యక్షరములకు బదులుగాఁ దెఱపైఁ జదరపుగడి కనఁబడినచో నది పాఠదోషము గాదు, ఫాంటు లోపము.

ఫాంటులలోఁ దిరుమల కృష్ణదేశికాచార్యులుగారు రూపొందించిన పోతన, వేమన యనునవి తెలుఁగు యూనికోడు వ్యాప్తికి మిక్కిలి తోడ్పడినవి. పాలమూరు మండలమునకుఁ జెందిన ప్రతాపరెడ్డిగారి పేర సురవరము అను ఫాంటును సిలికానాంధ్ర సంస్థ యుచితముగా లభింపఁజేసినది. వ్రాయుటకు ఇన్‌స్క్రిప్టు అను మీటలవరుస భారతీయలిపుల కన్నింటికి నొక్క తీరున నుండును. రోమనక్షరములతోఁ దెలుఁగు వ్రాయ నలవడినవారికి లేఖిని మొదలగునవి కలవు. అందుఁ జిన్నయక్షరమునకుఁ బెద్దయక్షరమును నొక్కిన త, ట ల భేదము తప్పును గనుక జాగరూకత వలయును.

యూనికోడు పాఠమువలన మఱియొక ప్రయోజనము గలదు. అట్టి పాఠమును గంఠధ్వనితోఁ జదివి వినిపించు సాధనములు తెలుఁగునకు నేర్పడినవి. చూపులేని విద్యార్థి వానిచేతనే చదువుకొనును. బొమ్మగా నెక్కింపఁబడిన పుట యాతనికి మూఁతవేసిన పుస్తకముతో సమానము. డిజిటల్ మాధ్యమములఁ బనిచేయువా రీ సంగతిని మఱవరాదు.

వెదకు విధము

తెలుఁగున నొక్క మాటకే పలు రూపము లుండుట వెదకువానికిఁ జిక్కు గలిగించును. అఱసున్న గల 'నాఁడు', అది లేని 'నాడు' కంప్యూటరునకు రెండు మాటలు. శకటరేఫముగల 'చెఱువు', సాధురేఫముగల 'చెరువు' సైత మట్టివే. సంధిచే మాట మొదటి యక్షరము మాఱును. గసడదవాదేశముచే 'కలదు' 'గలదు' అగును. కావునఁ బ్రాచీనగ్రంథములయందు వెదకునపుడు మాటలో మాఱని భాగమును మాత్ర మిచ్చుటయు, రూపభేదములతో మరల మరల వెదకుటయు మేలు.

ఊరిపేళ్ల విషయమున నీ చిక్కు హెచ్చు. నల్గొండ, నల్లగొండ, నీలగిరి యనునవి యొక్క పట్టణమునకే పేళ్లు. పాలమూరునకు నాఱవ నిజామగు మీరు మహబూబు అలీఖానుని పేర మహబూబ్‌నగర్ అను పేరు 1890 లో వచ్చినది. ఈ మాటను గొందఱు రెండుగా విడఁదీసి వ్రాయుదురు; కొందఱు 'మహబూబునగరము' అని యజంతము చేయుదురు; మఱికొందఱు బకారనకారములు గలియకుండుటకై నడుమఁ గంటికిఁ గానరాని గుర్తు నొకదాని నుంతురు. ఆ గుర్తు లేక వెదకినపు డది యున్న పుటలు కొన్ని సాధనములయందు దొరకవు.

పిల్లలమఱ్ఱి యను పేరు మఱియొక యుదాహరణము. మహబూబ్‌నగర్ పట్టణసమీపమున ననేక శతాబ్దముల నాఁటి మహావటవృక్షమున కా పేరు. సూర్యాపేట చేరువఁ గాకతీయకాలపు దేవాలయములును, రేచెర్లవారి శాసనములును గల గ్రామమునకును నదియే పేరు. పినవీరభద్రకవి యింటిపేరును నదియే. మూఁడును నొక్క పట్టికలోఁ గలసి వచ్చుటచే, వృక్షమును గూర్చిన చిత్రమును శాసనవ్యాసమున నతికించుట వంటి పొరపాటులు సంభవించును.

మండలముల హద్దులు మాఱుట నాలవ చిక్కు. 2016 అక్టోబరు 11 వ తేదీన నల్లగొండనుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి మండలములును, మహబూబ్‌నగరునుండి నాగరుకర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల మండలములును విడివడినవి. 2019 లో నారాయణపేట వేఱైనది. అలంపురము 1956 వఱకు రాయచూరు మండలమున నుండెను. పిదప మహబూబ్‌నగరునఁ జేరెను. ఇపుడు జోగులాంబ గద్వాల మండలమున నున్నది. కావున నలంపుర శాసనములను వెదకువాఁడు గ్రంథము ముద్రితమైన సంవత్సరమును బట్టి యే మండలముక్రింద వెదకవలయునో నిర్ణయించుకొనవలెను.

నిఘంటువులు, పరిభాష

ఆంధ్రభారతి యను చోటఁ బెక్కు తెలుఁగు నిఘంటువుల నొక్కమాఱు వెదకవచ్చును. బహుజనపల్లి సీతారామాచార్యులుగారి శబ్దరత్నాకరమును, బ్రౌనుదొర నిఘంటువును నందుఁ గలవు. షికాగో విశ్వవిద్యాలయమువారు నెలకొల్పిన దక్షిణాసియా నిఘంటువుల సంపుటియందును బ్రౌను గ్రంథము లభించును. అయితే బ్రౌనుదొర కొలువుచేసిన ప్రాంతములు చెన్నపురి రాజధానిలోనివి. నిజాము రాష్ట్రపు పల్లెలలోని మాట యందుఁ గానరానంతమాత్రమున నది తెలుఁగు గాదని త్రోసివేయుట తగదు.

సాంకేతికరచన చేయువానికి నీ యంశము మిక్కిలి ముఖ్యము. శాస్త్రపరిభాషకై 1961 లో నేర్పడిన కేంద్రప్రభుత్వపు శాస్త్రసాంకేతిక పదావళి సంఘమువారి కోశములును, 1968 లో స్థాపితమైన తెలుఁగు అకాడమివారి పారిభాషిక పదకోశములును నుపయోగపడును. వృత్తులకు సంబంధించిన మాటలకు భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వెలువడిన మాండలిక వృత్తిపదకోశములు ప్రధానములు. వానిలో వ్యవసాయపదములది 1962 లోను, జేనేతపదములది 1971 లోను బ్రకటితమైనవి. ఒక్కొక మాట యే మండలమున నెట్లు పలుకఁబడునో యందుఁ దెలుపఁబడినది.

పోచంపల్లి, గద్వాల, నారాయణపేట చేనేతకుఁ బ్రసిద్ధములు. మగ్గమును గూర్చి వివరణగ్రంథము వ్రాయువాఁడు పడుగు, పేక, అచ్చు, నాడె యను మాటలను విడిచి కొత్తగా సంస్కృతసమాసములను గల్పించినచో నేఁతగాఁడు చదివి లాభములేదు. పోచంపల్లి తీరు చీరలకు రంగు వేయకమున్ను మేకులచుట్టు నూలును జుట్టుటకు ఆసు పోయుట యని పేరు. ఒక్కొక చీరకు వేలకొలఁది మాఱులు చేయి త్రిప్పవలసిన యా శ్రమను దప్పించుటకుఁ జింతకింది మల్లేశముగారు 1999 లో యంత్రమును నిర్మించిరి; 2017 లో వారికిఁ బద్మశ్రీ బిరుదము లభించినది. ఆ యంత్రమునకు సైతము ఆసుయంత్రమనియే పేరు. యంత్రము క్రొత్తదైనను బేరు నేఁతగాండ్ర నోటిది. సాంకేతికరచనకు నిదియే మార్గదర్శకము.

ఆ విద్యకు వలయు పాఠములు స్వయం, ఎన్‌పీటీఈఎల్ అను ప్రభుత్వ విద్యాసాధనములందు లభించును. గూగులు సంస్థవారును సాంకేతికరచనపై నుచితపాఠములను బ్రకటించిరి. ఇవి ప్రధానముగా నాంగ్లమున నున్నవి. వాక్యము చిన్నదిగా నుండుట, పనిక్రమమును వరుసగాఁ జెప్పుట, యొక వస్తువునకు గ్రంథమంతట నొక్క పేరే వాడుట మొదలగు సూత్రములు తెలుఁగునకును జెల్లును. ఆంగ్లవాక్యపు కట్టును మాత్రము తెలుఁగునకుఁ దేరాదు.

గ్రంథములు, పత్రికలు

భారత డిజిటల్ గ్రంథాలయ ప్రణాళికక్రింద బొమ్మలుగా నెక్కింపఁబడిన తెలుఁగు పుస్తకములు వేలకొలఁది యిపుడు ఇంటర్నెట్ ఆర్కైవునందుఁ జూడవచ్చును. భారతి మొదలగు పాత పత్రికల సంచికలు నందుఁ గలవు. వాని పట్టికలు రోమనక్షరములలో నొక్కొకచో నొక్కొక తీరున వ్రాయఁబడుటచేఁ బుస్తకము పేరుతో దొరకనిది గ్రంథకర్త పేరుతో దొరకును. రెండింట దొరకనిది ముద్రణసంవత్సరముతో దొరకవచ్చును. పట్టికలోని సంవత్సరమును నమ్మక ముఖపత్రమును జూడవలెను.

2005 లో నారంభమైన తెలుఁగు వికీసోర్సునం దొకవైపు ముద్రితపుట బొమ్మయు, నొకవైపు దాని పాఠమును నుండును. దిద్దని పుట కెఱుపు, ఒకమాఱు దిద్దిన పుటకుఁ బసుపు, రెండవవారు సరిచూచిన పుటకుఁ బచ్చ గుర్తులు. పండితుఁడు పచ్చగుర్తు గల పుటను సైతము బొమ్మతో నొకమాఱు పోల్చి చూచుట మంచిది. 2003 డిసెంబరున నారంభమైన తెలుఁగు వికీపీడియా వ్యాసములు మొదటి పరిచయమునకు మేలైనవి. వ్యాసాంతమునఁ బేర్కొనఁబడిన మూలములే పరిశోధనకు నాధారములు. విశ్వవిద్యాలయముల పరిశోధనవ్యాసములు శోధగంగయందును, బహుగ్రంథాలయముల పట్టికలు జాతీయ డిజిటల్ గ్రంథాలయమునందును దొరకును.

గ్రంథములను దిరిగి ప్రకటించుటకు 1957 నాఁటి గ్రంథస్వామ్యశాసనము హద్దు. గ్రంథకర్త మరణించిన సంవత్సరము గడచిన పిదప 60 సంవత్సరములవఱకు హక్కు నిలుచును. ప్రతాపరెడ్డిగారు 1953 లోఁ గీర్తిశేషులైరి. 1949 లోఁ బ్రకటితమైన వారి ఆంధ్రుల సాంఘిక చరిత్రము 2014 ఆరంభమునుండి సర్వజనులదైనది.

శాసనములు

అంతర్జాలమునఁ గనఁబడు చారిత్రకవాక్యమునకు మూలము శాసనమైనచో శాసనమువఱకుఁ బోవలెను. నకిరేకల్లు ప్రాంతమునందలి చందుపట్ల శాసనము రుద్రమదేవి పుణ్యార్థము, ఆమె సేనానియగు మల్లికార్జుననాయకుని పుణ్యార్థము చేసిన దానమును దెలుపును. దాని కాలము 1289 నవంబరు 27. రాణి యవసానకాలమునకు నదియే ముఖ్యాధారము. శాసనము చెప్పునది దానవిషయము. యుద్ధవర్ణనముతో నామె మరణమును జెప్పు రచనలు పెక్కు వ్యాప్తిలో నున్నవి. వానిలో శాసనము చెప్పిన భాగ మెంత, చరిత్రకారు లూహించిన భాగ మెంత, కథకులు చేర్చిన భాగ మెంత యని విడఁదీయుట విద్యార్థికి మంచి యభ్యాసము.

తుమ్మలగూడెమున, అనఁగాఁ బూర్వపు టింద్రపాలనగరమున, దొరకిన విష్ణుకుండినుల తామ్రశాసనములును నిట్టివే. వానిలో నొకటి శకవర్షము 488, అనఁగా క్రీస్తుశకము 566, అని కాలమును స్పష్టముగాఁ దెలుపుటచే నా వంశపు రాజుల కాలక్రమమును మరల విచారింపవలసివచ్చెను. బి.ఎన్. శాస్త్రిగారు 1965 లో వీనిని భారతియందుఁ బ్రకటించిరి. కావున నంతకుమున్ను వ్రాయఁబడిన చరిత్రగ్రంథములలోని విష్ణుకుండినుల కాలనిర్ణయ మీ యాధారము లేక చేసినది. అంతర్జాలమునఁ బాతగ్రంథములే విరివిగా దొరకుటకు హక్కుల గడువు తీరుట యొక కారణము. సులభముగా దొరకినది ప్రాఁతదై, క్రొత్తది దుర్లభమగుట యిందలి ప్రమాదము.

యంత్రసహాయము

పుటబొమ్మనుండి యక్షరములను గ్రహించు యంత్రములు తెలుఁగునకు బాగుగానే యుపయోగపడుచున్నవి. అయినను ద, ధ, థ లకును, బ, భ లకును, వ, ప లకును, ఘ, ఝ లకును వానికి భ్రాంతి గలుగును. అఱసున్న నాంగ్లపు 'సి' యక్షరముగనో, యర్ధవృత్తపు గుర్తుగనో గ్రహించుట సామాన్యము. పద్యమునందుఁ బ్రాసయతిగణములను బరీక్షించిన నీ తప్పులు పెక్కు బయటపడును. ఛందస్సు నెఱిఁగిన పండితుఁ డొక్క పద్యమున క్షణములోఁ గనిపెట్టు తప్పు యంత్రమునకుఁ దెలియదు.

అడిగిన ప్రశ్నకు వాక్యములు కూర్చి చెప్పు కృత్రిమమేధాయంత్రములు మఱింత జాగరూకతను గోరునవి. అవి భాషాంతరమునకును, జిత్తుప్రతికిని దోడ్పడును. కాని లేని గ్రంథమునకుఁ బేరును, లేని శాసనమునకుఁ దేదియు సందేహము లేని స్వరముతోఁ జెప్పుట వానికిఁ గలదు. అంతర్జాలమునఁ దక్కువగా వ్రాయఁబడిన ప్రాంతములను గూర్చి యడిగినపు డీ దోష మెక్కువ. నీలగిరి పాలమూరులు నట్టి ప్రాంతములే. ఒకప్పుడు కవులు లేరను మాట యీ సీమకు నపకారము చేసినది. లేని కవిని గలఁడని చెప్పుట యంతకుఁ దక్కువ యపకారము గాదు. దానిని నమ్మి వ్రాసినవాఁడు, వానిని నమ్మి యుదాహరించినవాఁడు, ఇట్లసత్యము శాఖోపశాఖలుగాఁ బెరుఁగును. యంత్రము చెప్పిన పేరును నిఘంటువునందో, గ్రంథాలయపట్టికయందో, శాసనసంపుటమునందో కన్నులారఁ జూచినఁ గాని వ్యాసమునఁ జేర్పరాదు.

చేయఁదగిన పని

ఈ సాధనము లన్నియు నితరులు కూర్చినవి. ఈ మండలములకు సంబంధించిన గ్రామచరిత్రలు, స్థలపురాణములు, పాఠశాలల ప్రత్యేకసంచికలు, తాళపత్రములు, కుటుంబములందలి కాగితపు ప్రతులు పెక్కింకను బెట్టెలలోనే యున్నవి. చెద వానికిఁ గాలావధి నిచ్చుచున్నది. మంచి వెలుతురున సెల్‌ఫోనుతోఁ దీసిన చిత్రము సైత మేమియు లేకుండుటకంటె మేలు. చిత్రము తీసినవాఁడు ప్రతి యెవరియొద్ద నే యూర నున్నదియుఁ, బుట లెన్నియుఁ, దేదీ యెట్లు వ్రాయఁబడినదియుఁ గూడ వ్రాసి యుంచవలెను. యజమాని యనుమతి లేక ప్రకటింపరాదు.

పాఠశాలపండితుఁడు వారమునకు నొక గంట వెచ్చించి వికీసోర్సున రెండు పుటలు దిద్దినచో సంవత్సరమునకు నూఱు పుటల పుస్తక మొకటి శుద్ధమగును. పై తరగతి విద్యార్థులు పుటల నెక్కింపఁగాఁ బండితుఁడు సరిచూచినచో నదియే వారికి వర్ణక్రమపాఠమును, ఛందఃపాఠమును, సాంకేతికరచనాభ్యాసమును నగును. అట్లు నీలగిరి పాలమూరు పాఠశాలలు పది కలసినను బది సంవత్సరములలో నూఱు గ్రంథములు వెదకువారికి లభ్యములగును.